కత్తి నుండి పథ్యమునకు: ఒక స్త్రీవ్యాధి చరిత్ర

పెండ్లియై యేండ్లు గడచినను కడుపు పండని స్త్రీని నిందించుట పాత ఆచారము. ఆమెకు నెలసరి తప్పుచుండుటను, మోమున నూగు మొలచుటను చూచి చాటున గుసగుసలాడినవారే గాని, అవి ఒకే వ్యాధి లక్షణములని తలచినవారు తక్కువ. నేడు దానిని పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అనుచున్నారు. సంతానయోగ్య వయస్సునందలి స్త్రీలలో నూటికి 8 మొదలు 13 మందికి ఇది కలదనియు, వారిలో 70 శాతము వరకు ఆ సంగతియే యెరుగరనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది.

1721లో ఇటలీ వైద్యుడు ఆంటోనియో వల్లిస్నేరి, బిడ్డలు లేని యొక పల్లెటూరి యువతి అండాశయములు పావురపు గ్రుడ్లంత పెరిగి తెల్లగా మెరయుచుండెనని వ్రాసెను. 1921లో ఫ్రాన్సు దేశపు వైద్యులు అషార్, థీయర్‌లు "గడ్డము గల స్త్రీల మధుమేహ"మను పేరుతో ఒక వ్యాధిని వర్ణించిరి. ఆ పేరున దాగిన సూచన యెంత విలువైనదో తెలియుటకు మరి యారు దశాబ్దములు పట్టెను.

ఇంతలో, 1935లో, చికాగో నగర వైద్యులు ఇర్వింగ్ స్టైన్, మైకేల్ లెవెంతాల్‌లు ఏడుగురు స్త్రీల వృత్తాంతమును ప్రకటించిరి. పరీక్షకై అండాశయము నుండి చిన్న ముక్క తీసిన పిదప కొందరికి ఋతుస్రావము తిరిగి వచ్చుట వారిని ఆశ్చర్యపరచెను. అంతట వారు అండాశయములలో సగము మొదలు ముప్పాతిక భాగము వరకు కోసి తీసివైచిరి. ఏడుగురికిని ఋతుక్రమము చక్కబడెను, ఇరువురు గర్భవతులైరి. అది గొప్ప విజయమే. కాని కోసినచోట కణజాలము లతుకుకొని, గర్భధారణకే అడ్డుగా నిలుచు ప్రమాదము కలదని తరువాత తేలెను. 1961లో రాబర్ట్ గ్రీన్‌బ్లాట్ బృందము క్లోమిఫీన్ మాత్రతో అండము విడుదలగుటను చూపినప్పటి నుండి కత్తి వెనుకకు తగ్గెను.

అసలు మలుపు 1980లో వచ్చెను. ఈ స్త్రీల రక్తమున ఇన్సులిన్ హెచ్చుగా నుండుననియు, అది పురుష హార్మోనుల హెచ్చుతో కలిసి నడచుననియు అమెరికాలోని మెంఫిస్ పరిశోధకులు చూపిరి. ఇన్సులిన్ అధికమైనచో అండాశయము పురుష హార్మోనులను మిక్కిలిగా పుట్టించును. అండమును మోయు చిన్న సంచులు, నీరందని నారువలె, సగము పెరిగి ఆగిపోవును. 1994లో వెనిజులా వైద్యులు మధుమేహపు మందైన మెట్‌ఫార్మిన్‌ను ఈ వ్యాధికి వాడి చూచిరి. ఆశలు మిన్నంటెను. కాని 2007లో వెలువడిన అమెరికా పరీక్షలో 626 మంది స్త్రీలు పాల్గొనగా, మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడినవారిలో 7.2 శాతము మంది ప్రసవించిరి. క్లోమిఫీన్ వాడినవారిలో 22.5 శాతము. 2014 నాటి మరియొక పరీక్షలో లెట్రొజోల్ 27.5 శాతముతో క్లోమిఫీన్‌ను మించెను. మన దేశమున సంతానచికిత్సకు లెట్రొజోల్‌ను 2011లో నిషేధించి, 2017లో ఆ నిషేధమును తొలగించిరి.

బిడ్డలు కోరని స్త్రీకి చికిత్స యేల యని కొంద రడుగుదురు. "పెండ్లి చేసిన అదే సర్దుకొను"నని చెప్పు పెద్దలును లేకపోలేదు. ఇది హానికరమైన మాట. నెలల తరబడి ఋతుస్రావము లేనిచో గర్భాశయపు పొర దళసరియై, కాలక్రమమున క్యాన్సరుకు దారితీయవచ్చును. అందువలననే వైద్యులు హార్మోను మాత్రలను కన్నెపిల్లలకును ఇత్తురు. మధుమేహమునకై రక్తపరీక్ష చేయింతురు.

పథ్యము మాటకు వత్తము. స్థూలకాయము గలవారు బరువులో నూటికి అయిదు మొదలు పది పాళ్లు తగ్గినచో పెక్కుమందికి ఋతుక్రమము మెరుగగును. సన్ననివారికిని ఈ వ్యాధి వచ్చును గనుక బరువొక్కటే కారణమని వారిని దూషించుట తగదు. ఫలానా ఆహారమే మేలని నిరూపణ కాలేదని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకము స్పష్టముగా చెప్పుచున్నది. జొన్నరొట్టె తినుమని ఒకరు, అన్నము మానుమని ఒకరు చెప్పు నిషేధములకంటె, ఇంటిల్లిపాదియు తినగల మితాహారము, వారమునకు 150 మొదలు 300 నిమిషముల చురుకైన నడక నిలకడగా సాగును.

పేరును గూర్చి యొక మాట. అండాశయమున కనబడు నీటితిత్తులు నిజమునకు తిత్తులు కావు. ఎదుగుదల ఆగిన అండపు సంచులే. ఈ పేరు దృష్టిని అండాశయముపైననే నిలుపుచున్నదనియు, దానిని మార్చవలెననియు 2012లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు సమావేశపరచిన నిపుణుల మండలి సూచించెను.