రాచపుండు మందులు – హృదయ రక్షణ

పావగడ తాలూకా పరిపాలనకు కర్ణాటకమే గాని, పలుకునకు మిక్కిలి తెలుగుసీమ. అచటి రాయచెర్లువంటి పల్లెలలో రాచపుండను పేరే జనులను బెదరించును. ఆ వ్యాధిని లోనికిచ్చు మందుతో అణచవచ్చునని చూపినవారిలో, 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు. లెడర్లీ ప్రయోగశాలలో వారి బృందము సిద్ధపరచిన అమినాప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుగల బిడ్డలకిచ్చి, 16 మందిలో 10 మందికి కొంతకాలము నెమ్మదించినదని 1948 లో ప్రకటించెను.

వారి కీర్తి యంతయు ఈ మందుతోనే ముడివడుట కొంత అన్యాయము. అంతకు చాల ముందే హార్వర్డులో ఫిస్కేతో గూడి 1927 లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929 లో ఏటీపీని కండరములందు కనుగొనిరి. గుండె నిమేషమైన నిలువక కొట్టుకొనుటకు శక్తి నిచ్చునవి ఈ పదార్థములే. ఆ గుండెయే 1948 ఆగస్టులో న్యూయార్కున, 53 ఏండ్లకే, వారికి మొండిచేయి చూపినది.

క్యాన్సరు మందునకును గుండెకును గల వైరము పిమ్మట బయటపడినది. 1960 దశకమున ఇటలీలో మట్టియందలి సూక్ష్మజీవులనుండి ఎర్రని మందులు పుట్టినవి. అందు డాక్సోరూబిసిన్ రొమ్ము క్యాన్సరు మొదలు పెక్కింటికి పనిచేసెను. కాని కొందరి గుండె క్రమముగా నీరసించెను. సుమారు 4000 మంది వైద్యపత్రములను పరిశీలించి వాన్ హాఫ్ మొదలగువారు 1979 లో తేల్చినదేమనగా, అపాయము ఒక్క మోతాదుది కాదు, జన్మమున పుచ్చుకొన్న మొత్తముది. శరీరపు చదరపు మీటరునకు 550 మిల్లీగ్రాములు దాటిన పిదప అది వేగముగా హెచ్చును. అందుచే వైద్యులు ముందే హద్దు నిర్ణయింప మొదలిడిరి. ప్రతిధ్వని పరీక్షతో గుండె బలమును నడుమ నడుమ కొలుచు వాడుకయు పిమ్మట నెలకొన్నది. గుండెను కాపాడు డెక్స్‌రజోక్సేన్ అను మందునకు 1995 లో అమెరికాలో అనుమతి లభించెను. అది ఇనుమును బంధించుటచే పనిచేయునని చాలకాలము నమ్మిరి. గుండె కణములందలి టోపోఐసోమరేజు అను ఎంజైమే అసలు నష్టమునకు మూలమని 2012 లో ఎలుకలపై చూపుటతో ఆ నమ్మకము కొంత సడలినది.

మొత్తపు మోతాదు బాకీపద్దువంటిది. ఏండ్లు గడచినను కొట్టివేయబడదు. సరిహద్దు తాలూకా రోగి ఒకమారు బెంగుళూరునకును, మరొకమారు అనంతపురమునకును పోవచ్చును. 1973 లో బెంగుళూరున వెలసిన కిద్వాయి సంస్థవంటి చోట వేసిన సూదుల లెక్క గల కాగితము ఇంటి పెట్టెలో పోయినచో, పదేండ్ల తరువాత వేరొక వైద్యునికి ఆ గుండె ఇంకెంత భరింపగలదో చెప్పువా రుండరు.