బ్యాటరీ దించిన బరువు

రేడియో చరిత్ర అనగానే ఆవిష్కర్తల కథలే ముందుకు వస్తాయి. టామ్ లూయిస్ 1991లో వెలువరించిన ‘ఎంపైర్ ఆఫ్ ది ఎయిర్’ కూడా లీ డి ఫారెస్ట్, ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్, డేవిడ్ సార్నాఫ్ అనే ముగ్గురి ఆశల చుట్టూ, వైరాల చుట్టూ అల్లిన పుస్తకం. చదివి తీరవలసినదే. అయితే పాత రేడియో వెనక అట్ట విప్పినవారికి మరొక చరిత్ర కనిపిస్తుంది. అది పాడైపోయే వస్తువుల చరిత్ర. అందులో ప్రధాన పాత్రలు రెండు: బ్యాటరీ, కండెన్సర్.

1920ల తొలినాళ్ళలో అమెరికా, కెనడా ఇళ్ళలో రేడియోతో పాటు దాని పరివారాన్ని కూడా పోషించవలసి వచ్చేది. వాల్వులోని తీగను వేడెక్కించడానికి ఆరు వోల్టుల సీసం బ్యాటరీ ఒకటి. ఆ వాల్వు గుండా కరెంటు నడపడానికి 45 వోల్టుల పొడి బ్యాటరీలు. ఒకటిన్నర వోల్టుల సెల్స్ 30 వరుసగా కలిపితే అటువంటి పెట్టె ఒకటి తయారవుతుంది. పొడి బ్యాటరీ అయిపోతే కొత్తది కొనాలి. సీసం బ్యాటరీని మళ్ళీ మళ్ళీ ఛార్జి చేయించాలి. అందులోని ఆమ్లం ఒలికితే కింద పరచిన తివాచీ దక్కదు.

ఈ చాకిరీకి విడుదల చూపినవారిలో టొరంటో నగరానికి చెందిన ఎడ్వర్డ్ రోజర్స్ ముఖ్యుడు. ఇంటి కరెంటుతో నేరుగా పనిచేసే రేడియోను ఆయన 1925లో, పాతికేళ్ళ వయసులో, విపణికి తెచ్చాడు. దాని పేరే ‘రోజర్స్ బ్యాటరీలెస్’. 1927లో ఆయన నెలకొల్పిన సీఎఫ్ఆర్‌బీ కేంద్రం పేరులోని చివరి రెండక్షరాలు ఆ మాటలకు గుర్తే.

బ్యాటరీ వెళ్ళిపోయింది గాని, అది చేసే పని మిగిలే ఉంది. బ్యాటరీ కరెంటు చెరువు నీరులా నిలకడైనది. ఇంటి కరెంటు అలా కాదు. అక్కడ అది సెకనుకు 60 ఆవృత్తులతో దిశ మార్చుకుంటుంది. దానిని ఒకే దిశకు మళ్ళించినా సెకనుకు 120 అలలుగా వస్తుంది. ఆ అలలను అలాగే వదిలేస్తే పాట కింద గుయ్యిమని ఎడతెగని రొద. అల పైకి లేచినప్పుడు విద్యుత్తును దాచుకొని, పడినప్పుడు విడుదల చేసి, మధ్య పల్లాలను పూడ్చేది కండెన్సర్. బ్యాటరీ దించిన బరువును అది ఎత్తుకుంది.

ఆ బరువే దాని ఆయువు తీసింది. ఎలెక్ట్రోలైటిక్ కండెన్సర్లో అల్యూమినియం రేకు మీద అతి పలుచని ఆక్సైడు పొర ఉంటుంది. వోల్టేజీ ఉన్నంతకాలం ఆ పొర నిలుస్తుంది. ఏళ్ళ తరబడి వాడకపోతే క్షీణిస్తుంది. అటకమీది రేడియోను దించి, ముచ్చటపడి ఒక్కసారిగా ప్లగ్గు పెడితే కండెన్సర్ వేడెక్కి పగిలిపోవచ్చు. మైనపు కాగితపు కండెన్సర్లది ఇంకో జబ్బు. కాగితం తేమ పీల్చి కరెంటును కారనిస్తుంది. చివరి వాల్వు ముందు ఉండే కండెన్సర్ అలా కారితే, ఆ వాల్వు గుండా అవసరానికి మించిన కరెంటు పారి, దాని వెనకనున్న ట్రాన్స్‌ఫార్మర్ కూడా మాడిపోతుంది. కొన్ని పైసల సరుకు ప్రాణాధారమైన భాగాన్ని బలిగొంటుంది.

తెలుగు నేలలో ఈ కథ మరో విధంగా నడిచింది. 1938లో మద్రాసు కేంద్రం, 1948లో విజయవాడ కేంద్రం మొదలైనా, కరెంటు లేని పల్లెకు రోజర్స్ ఉపాయం పనికిరాదు. అక్కడ బ్యాటరీయే దిక్కు. 1947 చివరిలో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ట్రాన్సిస్టర్‌కు తీగను వేడెక్కించే పని లేదు గనుక, కొద్దిపాటి సెల్స్‌తోనే రేడియో పలికింది. పొలం గట్టుకు పాట చేరింది. అయితే సాధారణ సెల్లులో జింకు డబ్బాయే పాత్ర, అదే ఇంధనం కూడా. ఇంధనం తరిగేకొద్దీ పాత్ర చిల్లులు పడి, కారిన రసం రేడియో లోపలి స్ప్రింగులను తినేస్తుంది. సెల్స్ తీసి దాచాలన్న పెద్దల జాగ్రత్తకు కారణం ఇదే.

పాత కండెన్సర్లు మార్చిన రేడియో పాతదేనా? కొందరు నిపుణులు పాత గొట్టాన్ని తొలిచి, లోపల కొత్త కండెన్సర్ అమర్చి, మైనంతో మూసేస్తారు. కంటికి తేడా తెలియదు. నాకు అందులో అభ్యంతరం లేదు, ఒక్క షరతు మీద: ఏది మార్చారో, ఏ తేదీన మార్చారో ఒక కాగితం మీద రాసి పెట్టె లోపల అంటించాలి. రోగితోపాటు కేసు షీటు కూడా వెళ్ళాలి కదా. ఆ కాగితం లేకపోతే తరవాత విప్పినవారు మన మరమ్మతునే చరిత్ర అనుకుంటారు.