పిడి వదులైతే వస్తువు పాతబడినట్టేనా?

పనిముట్టులో మన చెయ్యి ఆనే చోటుకి తెలుగులో ఎన్ని పేర్లున్నాయో ఎప్పుడైనా గమనించారా? కత్తికీ కొడవలికీ ఉండేది పిడి. గొడ్డలికీ పారకీ ఉండేది కామ. గరిటెకి కాడ. ఇందులో పిడి అన్న మాట మన చేతినుంచే వచ్చింది. పిడికిలి, పిడికెడు, పిడిగుద్దు అన్నీ దాని చుట్టాలే. అంటే మన పెద్దవాళ్ళ లెక్కలో పిడి అనేది వస్తువులో భాగం కన్నా ఎక్కువగా చేతిలో భాగం.

ఇప్పుడు చాలా ఇళ్ళల్లో హాలులో ఒక మూల ఎక్సర్‌సైజ్ సైకిలో, ట్రెడ్‌మిల్లో ఉంటోంది. దాని మీద టవళ్ళు ఆరేస్తున్నామా, వ్యాయామం చేస్తున్నామా అన్నది వేరే సంగతి! రెండు మూడేళ్ళు తిరిగేసరికి వాటిలో ముందుగా పాడయ్యేది మోటారూ కాదు, చక్రమూ కాదు. హ్యాండిల్‌కి తొడిగిన మెత్తని గ్రిప్. పట్టుకుంటే గుండ్రంగా తిరిగిపోతుంది, లాగితే జారి చేతిలోకి వస్తుంది. "ఇంక ఇది పాతబడిపోయింది, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అన్న మాట అక్కడే మొదలవుతుంది. ఆ మాట అనేముందు ఈ పిడి కథ ఒకసారి చెప్పుకుందాం.

వెనకటి రోజుల్లో పిడి ఊడడం వింతేమీ కాదు. ఇనుమూ కర్రా రెండు వేరువేరు స్వభావాలు. కర్ర తడికి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. ఇనుము అలా కాదు. అందుకే వేసవిలో గొడ్డలి కామ వదులయ్యేది. రాత్రంతా నీళ్ళలో నానబెడితే కర్ర ఉబ్బి బిగుసుకునేది. కానీ అది ఆరేదాకానే, తాత్కాలికం. గట్టిగా నిలవాలంటే కామ కొసలో సన్నని కర్ర చీల దిగ్గొట్టేవారు. కత్తిపిడి వదులైతే బెజ్జంలో లక్క పోసి, కత్తి తోకని వేడి చేసి దించేవారు. చల్లారాక అది కదిలేది కాదు. రోకలి కొస చీలిపోకుండా ఇనప పొన్ను తొడిగేవారు. తిరగలి కర్ర వదులైతే పాత గుడ్డపీలిక చుట్టి, రాతిబెజ్జంలోకి దిగ్గొట్టి మళ్ళీ విసరడం మొదలుపెట్టేవారు. పిడి ఊడిందని తిరగలిని ఎవరూ పారేయలేదు.

మరి వ్యాయామం సంగతి? మన తాలింఖానాల్లో సాము చేసేవారు తిప్పే ముద్గరాలు మీరు చూసే ఉంటారు. కింద లావుగా, పైన సన్నగా ఉండే కర్ర గదల్లాంటివి. వీటిలో ఒక తెలివైన సంగతి ఉంది. పిడీ, బరువూ రెండూ ఒకే దుంగలోంచి చెక్కినవి. అతుకే లేదు, కాబట్టి వదులవడం అన్న ప్రశ్నే లేదు. మన దేశంలో ఉన్న ఆంగ్ల సైనికులు వీటిని చూసి నేర్చుకుని 19వ శతాబ్దం మొదట్లో తమ దేశానికి తీసుకెళ్ళారు. అక్కడ వాటిపేరే 'ఇండియన్ క్లబ్స్' అయింది. 1830లలో అక్కడ ఆడవాళ్ళ కోసం రాసిన వ్యాయామ పుస్తకాల్లోకి కూడా ఇవి ఎక్కాయి.

యంత్రాలతో వ్యాయామం అన్న ఆలోచన అంతకు కొంచెం ముందే పుట్టింది. 1796లో లండన్‌లో ఫ్రాన్సిస్ లౌండ్స్ అనే ఆయన 'జిమ్నాస్టికాన్' అనే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. కాళ్ళతో తొక్కుతూ చేతులతో తిప్పే యంత్రం. కీళ్ళు పట్టేసినవాళ్ళ కోసం చేసినది. మన ఎక్సర్‌సైజ్ సైకిల్‌కి తాతగారన్నమాట. చూడండి, మొదటినుంచీ ఇది కుర్రవాళ్ళ కండల కోసం పుట్టింది కాదు, కదలలేనివాళ్ళ కోసం పుట్టింది.

ట్రెడ్‌మిల్ చరిత్ర మాత్రం చేదు. 1818లో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు దాన్ని ఇంగ్లండు జైళ్ళలో ఖైదీల కోసం తయారు చేశాడు. పెద్ద చక్రానికి మెట్లుంటాయి. ఖైదీలు వరసగా నిలబడి, ఎదురుగా ఉన్న కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, గంటల తరబడి ఆ మెట్లు ఎక్కుతూ ఉండాలి. కొన్ని జైళ్ళలో ఆ చక్రంతో ధాన్యం పిండి పట్టేవారు. కొన్నిచోట్ల ఊరికే గాలికి తిప్పించేవారు. కవి, నాటకకర్త ఆస్కార్ వైల్డ్ 1895లో జైలుకెళ్ళినప్పుడు ఈ చక్రం తొక్కినవాడే. 1898 నాటి జైళ్ళ చట్టంతో ఈ శిక్షకి కాలం చెల్లింది. అక్కడ శిక్షగా విసిరించిన పిండిని, ఇక్కడ మన ముత్తవ్వలు తెల్లవారుఝామున లేచి ఏ శిక్షా పడకుండానే విసిరారు. ఆ మాట అనుకుంటే నవ్వొస్తుంది, కొంచెం మనసు చివుక్కుమంటుంది కూడా.

యంత్ర వ్యాయామానికి గౌరవం తెచ్చినవాడు స్వీడన్ వైద్యుడు గుస్తావ్ జాండర్. 1865లో స్టాక్‌హోంలో ఆయన పెట్టిన వైద్యశాలలో ఒక్కొక్క కండరానికి ఒక్కొక్క యంత్రం ఉండేది. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడలోనూ వ్యాయామశాల ఉంది. అందులో నిలిపి తొక్కే సైకిళ్ళు, కరెంటుతో ఊగే ఒంటె కూడా ఉన్నాయి. ఆడవాళ్ళకి పొద్దుటిపూట వేరే సమయం కేటాయించారు.

ఇక మెత్తని గ్రిప్ కథ రబ్బరు కథే. పచ్చి రబ్బరు ఎండకి జిగురుగా కారేది, చలికి పెళుసుగా విరిగేది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి వేడిచేస్తే రెండు జబ్బులూ పోతాయని కనిపెట్టాడు. 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ అడవులనుంచి సుమారు 70,000 రబ్బరు గింజల్ని లండన్‌లోని క్యూ తోటకి చేర్చాడు. అక్కడ మొలిచిన మొక్కలు సింహళానికీ, మలయాకీ వచ్చాయి. 1902లో మన కేరళలో పెరియార్ ఒడ్డున తట్టేక్కాడ్‌లో రబ్బరు తోట వేశారు. రబ్బరు చవకయ్యాక సైకిల్ హ్యాండిళ్ళ మీద అంతకుముందున్న కర్ర, బెండు, తోలు తొడుగుల స్థానంలో రబ్బరు వచ్చింది. తరవాత కృత్రిమ రబ్బరు, ఫోమ్ వచ్చాయి. ఇప్పుడు మన యంత్రాల మీద ఉన్నది ఎక్కువగా ఆ ఫోమే.

అంటే ఒక్క దుంగ ముద్గరంనుంచి కర్ర-ఇనుము అతుకుకి, అక్కడనుంచి ఫోమ్-ఇనుము అతుకుకి వచ్చామన్నమాట. ఈ కొత్త అతుకులో చీల లేదు, లక్క లేదు. తొడుగు బెజ్జం పైపు కన్నా కాస్త చిన్నది, అంతే. ఆ బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. చెమటా, చేతికంటిన తలనూనే లోపలికి ఇంకితే ఆ బిగువు సడలుతుంది.

ఈ చిన్న విషయం ఎంత పెద్దదో మా అత్తయ్యగారి వల్ల తెలిసింది. మోకాలి ఆపరేషన్ తరవాత ఆవిడ రోజూ పదిహేను నిమిషాలు సైకిల్ తొక్కేవారు. ఉన్నట్టుండి మానేశారు. అడిగితే "మోకాలు లాగుతోందమ్మా" అన్నారు. వారం తరవాత నేనే ఎక్కి కూర్చుంటే తెలిసింది, కుడిచేతి గ్రిప్ గిర్రున తిరుగుతోంది. దిగేటప్పుడు ఆవిడ బరువంతా ఆ చేతిమీదే పడుతుంది. "అది తిరుగుతుంటే భయమేసింది. ఇంత డబ్బు పోసి కొన్నారు, మళ్ళీ ఖర్చు ఎందుకని చెప్పలేదు" అన్నారు చివరికి. పెద్దవాళ్ళు వస్తువు పాడైందని చెప్పరు, తామే పాతబడ్డామని చెప్తారు. మీ ఇంట్లో కూడా ఎవరైనా చడీచప్పుడు లేకుండా వ్యాయామం మానేసి ఉంటే, ముందు హ్యాండిల్ పట్టుకుని చూడండి.

బాగుచేయడం పెద్ద పనేం కాదు. ముందు వదులైంది ఏమిటో చూడాలి. తొడుగు తిరుగుతోందా, పైపే ఊగుతోందా? పైపు ఊగితే అది బోల్టు సంగతి, అలెన్ కీతో బిగించాలి. అతుకు దగ్గర పగులు కనిపిస్తే మాత్రం వెల్డింగ్ చేయించేదాకా ఎవరినీ ఎక్కనివ్వకండి. హ్యాండిల్ మీద మెరిసే రేకులుంటే అవి నాడి చూసే సెన్సర్లు. లోపల సన్నని వైర్లుంటాయి కాబట్టి అక్కడ తడి తగలనివ్వకూడదు, లాగకూడదు.

తొడుగే తిరుగుతుంటే, చివర ఉన్న ప్లాస్టిక్ మూత తీసి, అంచు కొంచెం పైకెత్తి, లోపలికి గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్ళు రెండు చుక్కలు పోయండి. మెల్లగా తిప్పుతూ లాగితే వచ్చేస్తుంది. పైపు మీది జిడ్డుని గుడ్డతో, సర్జికల్ స్పిరిట్‌తో తుడవండి. తుప్పుంటే గరుకు కాగితంతో రుద్దండి. తొడుగు లోపల కూడా సబ్బునీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. చాలాసార్లు జిడ్డు వదిలితే చాలు, బిగువు తిరిగొస్తుంది. ఎక్కించడానికి లోపల కాస్త స్పిరిట్ రాసి వెంటనే తోసేయండి. అది జారుడుగా లోపలికి తీసుకెళ్ళి, తానేమో ఆవిరైపోతుంది. కొబ్బరినూనె, వాజలిన్ మాత్రం వద్దు. సులువుగా ఎక్కుతుంది, అంతకన్నా సులువుగా ఊడుతుంది.

అప్పటికీ వదులుగానే ఉంటే సైకిల్ షాపులో దొరికే పంచర్ సొల్యూషన్ పైపుకి పలచగా రాసి, తొడుగు ఎక్కించి, ఒక రోజంతా ముట్టుకోకండి. పని చేస్తున్నంతసేపూ కిటికీ తెరిచి ఉంచండి, దగ్గర్లో స్టవ్ వెలగకూడదు. ఫోమ్ చిరిగిపోతే కొత్త తొడుగు కొనాలి. కుట్టుపని టేపుతో పైపు చుట్టూ కొలవండి. 8 సెంటీమీటర్లు వస్తే, దాన్ని 3.14తో భాగించి, పైపు అడ్డుకొలత సుమారు రెండున్నర సెంటీమీటర్లని లెక్క. బెజ్జం దానికన్నా కొంచెం చిన్నగా ఉన్నది అడగండి. అదీ దొరక్కపోతే బ్యాడ్మింటన్ రాకెట్‌కి చుట్టే గ్రిప్ టేపు ఉంది కదా, ఒక చుట్టు మీద సగం మరో చుట్టు పడేలా లాగి చుట్టండి. జడకి రిబ్బన్ అల్లిన చేతులకి అదొక లెక్కా?

చివరగా రెండు చేతులతో పట్టి, దిగేటప్పుడు ఎంత బరువు పడుతుందో అంత బరువూ మీరే వేసి చూడండి. కదలకపోతేనే పెద్దవాళ్ళని ఎక్కించండి. తడిగుడ్డతో వారానికోసారి తుడిస్తే చాలాకాలం నిలుస్తుంది.

పిడి ముందుగా అరగడం వస్తువు తప్పు కాదు, అది చెయ్యి ఆనే చోటు కాబట్టి అరుగుతుంది. మన ముందుతరాలకి ఆ సంగతి తెలుసు. అందుకే వాళ్ళ దగ్గర చీలా, లక్కా, గుడ్డపీలికా సిద్ధంగా ఉండేవి. మన దగ్గర స్పిరిట్ సీసా, పంచర్ ట్యూబు ఉంటే సరి.