స్టెప్నీ మార్చినా టైర్ వార్నింగ్ లైట్ ఆరడం లేదా..? లారీ ఓనర్లు, డ్రైవర్లు తెలుసుకోవాల్సిన విషయాలివే!

పంక్చర్ అయిన టైరు తీసి స్టెప్నీ ఎక్కించినా కొన్ని లారీల్లో స్క్రీన్‌పై టైర్ వార్నింగ్ అలాగే ఉండిపోతుంది. ‘సెన్సార్ పాడైపోయింది’ అనుకుని చాలామంది వదిలేస్తారు. కానీ సెన్సార్ బాగానే ఉండొచ్చు. కొత్తగా ఎక్కిన చక్రం ఏదో సిస్టమ్‌కు తెలియకపోవడమే అసలు సమస్య కావొచ్చు.

ఎలా పనిచేస్తుంది?

టైర్ ప్రెజర్ మానిటరింగ్ సిస్టమ్‌నే షార్ట్‌గా టీపీఎంఎస్ అంటారు. చక్రానికి ఉండే చిన్న సెన్సార్ గాలి ఒత్తిడిని, వేడిని కొలిచి, రేడియో సిగ్నల్‌తో క్యాబిన్‌లోని రిసీవర్‌కు పంపిస్తుంది. ప్రతి సెన్సార్‌కూ ఒక సొంత ఐడీ ఉంటుంది. ఏ ఐడీ ఏ చక్రానిదో రిసీవర్‌లో ముందే నమోదు చేయాలి. నమోదు కాని ఐడీని రిసీవర్ పట్టించుకోదు. పక్కన వెళ్లే బండి టైర్ల రీడింగ్ మన స్క్రీన్‌పై రాకపోవడానికి కారణం ఇదే.

స్టెప్నీ ఎక్కించాక ఏం చేయాలి?

* వాల్వ్‌పై క్యాప్‌లా బిగించే సెన్సార్ అయితే: పంక్చర్ అయిన చక్రం క్యాప్ తీసి, అదే చోటికి వచ్చిన స్టెప్నీకి బిగించాలి. పాత చక్రానికే వదిలేస్తే ఆ స్థానంలో గాలి లేదనే చూపిస్తూ ఉంటుంది. బిగించాక సబ్బు నీళ్లు వేసి గాలి లీకవుతోందేమో చూడాలి.
* టైరు లోపల ఉండే సెన్సార్ అయితే: స్టెప్నీ సెన్సార్ ఐడీని ఆ స్థానానికి మళ్లీ నమోదు చేయాలి. దీన్నే రీలెర్న్ అంటారు. ఈ పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది, మాన్యువల్ చూసుకోవాలి.
* టైర్లను అటూ ఇటూ మార్చినప్పుడు: ఐడీల స్థానాలూ మార్చాల్సిందే. లేదంటే గాలి ఒక టైరులో తగ్గితే, స్క్రీన్ మరో టైరును చూపిస్తుంది.

వెనక జంట టైర్లతోనే ఎక్కువ రిస్క్

లోపలి టైరులో గాలి పోయినా, బయటి టైరు బరువు మోస్తుంటుంది కాబట్టి చూడగానే తెలియదు. రెండు టైర్ల లోడ్ ఒక్కదానిపైనే పడి అది వేడెక్కుతుంది, పేలిపోయే ప్రమాదం ఉంటుంది. అసలు సెన్సార్ అవసరం ఇక్కడే. స్టెప్నీ మ్యాచ్ చేయక లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే డ్రైవర్ దాన్ని చూడటం మానేస్తాడు. నిజంగా గాలి తగ్గిన రోజు కూడా అదే లైట్ కదా అనుకుంటాడు!

సెన్సార్ కొనేముందు చూడాల్సినవి

* ఫ్రీక్వెన్సీ: మన దేశంలో, యూరప్‌లో ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్, అమెరికాలో ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్ వాడతారు. రిసీవర్‌ది, సెన్సార్‌ది ఒకటే ఉండాలి.
* ప్రెజర్ రేంజ్: భారీ లారీ టైర్లలో 100 పీఎస్‌ఐకి పైగా గాలి పడుతుంది. కారు సెన్సార్ ఇక్కడ పనికిరాదు.
* బ్యాటరీ: లోపలి సెన్సార్లలో చాలావాటికి బ్యాటరీ విడిగా మార్చలేం. సెన్సారే మార్చాలి.
* నిద్ర మోడ్: చక్రం తిరగనప్పుడు కొన్ని సెన్సార్లు బ్యాటరీ ఆదా కోసం సిగ్నల్ తగ్గిస్తాయి, లేదా ఆపేస్తాయి. అందుకే స్టెప్నీ రీడింగ్ వెంటనే రాకపోవచ్చు. గేజ్‌తో చెక్ చేయడం మానొద్దు.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

అమెరికాలో 4,536 కిలోల లోపు కొత్త వాహనాలకు 2007 సెప్టెంబర్ నుంచి టీపీఎంఎస్ తప్పనిసరి. యూరోపియన్ యూనియన్‌లో 2024 జులై నుంచి కొత్త ట్రక్కులు, బస్సులు, ట్రైలర్లకూ వర్తింపజేశారు. మన దేశంలో ట్యూబ్‌లెస్ టైర్లు, టీపీఎంఎస్, పంక్చర్ రిపేర్ కిట్ ఉన్న 3.5 టన్నుల లోపు ప్యాసింజర్ వాహనాలకు స్టెప్నీ అక్కర్లేదని 2020లో రూల్ మార్చారు. లారీలకు ఆ మినహాయింపు లేదు.

ఇది మర్చిపోవద్దు

గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. 110 పీఎస్‌ఐ ఉన్న టైరు 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 4 పీఎస్‌ఐ పెరుగుతుంది. ఎండాకాలంలో రన్నింగ్‌లో రీడింగ్ పెరిగిందని గాలి తీసేస్తే, చల్లారాక టైరులో గాలి తక్కువవుతుంది. ట్రిప్పుకు ముందు మిగతా టైర్లతో పాటు స్టెప్నీలోనూ గాలి చూసి, దాని ఐడీ సిస్టమ్‌లో ఉందో లేదో చెక్ చేసుకుంటే రోడ్డు మీద టెన్షన్ ఉండదు.