తల్లికి దూరమైన పిల్లలు: నల్లమల పులుల సంరక్షణ చరిత్ర

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో నేటి ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. జిల్లాలు మారినా, ఈ ప్రాంతాలకూ ఆవలి వైపున్న ఆత్మకూరుకూ మధ్య ఉన్న నల్లమల ఒకే అడవి. పులికి జిల్లా హద్దులతో పనిలేదు. కాబట్టి దాని చరిత్రను అడవి మొత్తానికి కలిపి చదవాలి.

బ్రిటిష్ పాలనలో పులిని చంపినవారికి ప్రభుత్వమే బహుమతి ఇచ్చేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ దృష్టిని పూర్తిగా మార్చి, పులిని చంపడాన్ని నేరం చేసింది. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం అడవులు అందులో చేరాయి. రాష్ట్ర విభజన తరువాత కృష్ణానదికి ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది.

2023 మార్చిలో నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురం వద్ద నాలుగు ఆడపులి కూనలు తల్లి లేకుండా కనిపించాయి. గ్రామస్థులు వాటిని కుక్కల బారిన పడకుండా కాపాడి, అటవీశాఖకు తెలియజేశారు. సిబ్బంది అడుగుజాడల ఆధారంగా తల్లి కోసం గాలించారు. కూనలను తల్లి చెంతకు చేర్చే ప్రయత్నాలు ఫలించలేదు. చివరకు వాటిని తిరుపతి శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాలకు తరలించారు.

ఇక్కడ ఒక విషయాన్ని గమనించండి. కూనలు దొరికిన వెంటనే వాటిని జంతుప్రదర్శనశాలకు పంపలేదు. ముందు తల్లిని వెతికారు. ఎందుకంటే పులి కూన సుమారు రెండేళ్లు తల్లి వెంటే ఉండి వేట నేర్చుకుంటుంది. మనిషి పాలు పట్టగలడు, మందులు వేయగలడు. వేట నేర్పడం మాత్రం అతనికి చాలా కష్టం. పైగా మనిషికి అలవాటుపడిన పులిని అడవిలో వదిలితే, అది ఊళ్లకే చేరే ప్రమాదం ఉంది.

ఇతర దేశాల్లోనూ ఇదే సమస్య కనిపిస్తుంది. ఉగాండాలో విక్టోరియా సరస్సులోని న్గాంబా దీవిలో 1998 నుంచి అనాథ చింపాంజీలకు ఆశ్రయం కల్పిస్తున్నారు. తల్లిని వేటగాళ్లు చంపితే, ఏళ్ల తరబడి తల్లిపై ఆధారపడాల్సిన పిల్ల దిక్కులేనిదవుతుంది. ఆశ్రయం దాని ప్రాణాన్ని నిలుపుతుంది, కానీ పోయిన అడవి బతుకును తిరిగి ఇవ్వడం అంత సులభం కాదు.

కాబట్టి అనాథ పిల్లలను సాకడం సంరక్షణలో చివరి మెట్టు మాత్రమే. తల్లీపిల్లలు విడిపోని అడవిని నిలబెట్టడమే మొదటి మెట్టు.

ఆలోచించండి: పులిని చంపినందుకు బహుమతి ఇచ్చిన ప్రభుత్వ వ్యవస్థ, కూనల తల్లి కోసం అడవంతా గాలించే స్థితికి ఎలా వచ్చింది? పై చట్టాల ఆధారంగా వివరించండి.