పాలంపేట

పాలంపేట ములుగు జిల్లా వెంకటాపూర్ మండలంలోని చిన్న గ్రామం. పూర్వం వరంగల్ జిల్లాలో ఉండేది. కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఇక్కడ రుద్రేశ్వరాలయం కట్టించాడని శాసనం చెబుతోంది. జనం మాత్రం దాన్ని రామప్ప గుడి అంటారు. అది శిల్పి పేరని ప్రతీతి. కట్టించిన ప్రభువును కాదని చెక్కినవాడిని తలచుకోవడం ఈ ఊరి గొప్పతనం.

పునాది గుంతను ఇసుకతో నింపి, దానిపై ఆలయాన్ని నిలిపారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీటిలో తేలేంత తేలిక, అందుకే కింది రాళ్లపై భారం తగ్గింది. గోడలు ఎర్ర ఇసుకరాయివి. ద్వారాల దగ్గర చూరు కింద మదనికలనే నల్లరాతి స్త్రీమూర్తులు ఒంపు తిరిగి నిలబడి ఉంటాయి. ఒకామె కాలికి ఎత్తు మడమల చెప్పులున్నాయి. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని పునరుద్ధరించడానికి ఇక్కడి నాట్యశిల్పాలు ఆధారమయ్యాయి.

కాకతీయుల కాలం నాటి రామప్ప చెరువు నేటికీ పొలాలకు నీళ్లిస్తోంది. 2021 జులై 25న యునెస్కో ఈ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుడి చూడవచ్చినవారు చెరువుకట్ట మీదికీ తప్పక వెళ్లాలి.