కోట నుండి రాష్ట్రపతి భవనానికి: వరాహగిరి వెంకటగిరిగారి రాజకీయ ప్రస్థానం

1937 జూలై 14వ తేదీన చెన్నపురిలోని సెయింట్ జార్జి కోటలో రాజాజీ నాయకత్వాన తొలి కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడింది. అందులో టంగుటూరి ప్రకాశం పంతులుగారు, బెజవాడ గోపాలరెడ్డిగారలతో పాటు స్థానం పొందిన మరొక ఆంధ్రుడు శ్రీ వరాహగిరి వెంకటగిరి. వారికి అప్పగించిన శాఖలు కార్మిక, పరిశ్రమల శాఖలు. సమ్మెలు నడిపిన చేతికి సమ్మెలను పరిష్కరించే అధికారం దక్కడం ఆ రోజులలో వింతగానే తోచి ఉండాలి.

గిరిగారు 1894 ఆగస్టు 10న, అప్పటి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా బరంపురంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుపొందిన న్యాయవాది. న్యాయశాస్త్రం అభ్యసించడానికి 1913లో కుమారుడు డబ్లిన్ నగరానికి వెళ్ళారు. అక్కడ చదివినది న్యాయశాస్త్రమైనా, నేర్చుకొన్నది స్వాతంత్ర్యోద్యమం. ఐరిష్ దేశాభిమానులతో సాన్నిహిత్యం వల్ల 1916లో ఆంగ్ల ప్రభుత్వం ఆయనను ఆ దేశం విడిచిపొమ్మని ఆదేశించింది. స్వదేశానికి వచ్చి న్యాయవాద వృత్తి చేపట్టినా మనసు అక్కడ నిలవలేదు. సహాయ నిరాకరణోద్యమంలో కారాగారవాసం చేశారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచి, 1927లో ఖరగ్‌పూరు సమ్మెకు నాయకత్వం వహించారు. అఖిల భారత రైల్వే ఉద్యోగుల సమాఖ్య స్థాపకులలో ఆయన ఒకరు. 1931లో లండనులో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశంలో కార్మికుల ప్రతినిధిగా పాల్గొన్నారు.

1937 ఎన్నికలలో ఆయన ప్రత్యర్థి సామాన్యుడు కాదు. జస్టిస్ పార్టీ నాయకులు, మద్రాసు రాజధానికి ప్రధానిగా వ్యవహరించిన బొబ్బిలి రాజావారు. రాజావారిని వారి సొంత గడ్డ మీదనే ఓడించి గిరిగారు కోటలో అడుగుపెట్టారు. మంత్రిగా ఆయన అవలంబించిన పద్ధతి సరళమైనది. యజమానులను, కార్మికులను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, వారి చేతనే ఒప్పందం కుదిర్పించడం. న్యాయస్థానాలు బలవంతాన విధించే తీర్పుల కన్న ఉభయులూ సమ్మతించిన ఒడంబడికే మన్నుతుందని వారి విశ్వాసం. అది తరువాతి కాలంలో గిరి విధానమన్న పేరుతో ప్రసిద్ధి చెందింది.

1939లో మంత్రివర్గం రాజీనామా చేసింది. 1946లో ప్రకాశంగారి మంత్రివర్గంలో మళ్ళీ కార్మిక శాఖ లభించింది. 1947 నుండి 1951 వరకు సింహళంలో భారత హైకమిషనరుగా పనిచేశారు. 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై, కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు.

వారి జీవితంలో నిక్కమైన పరీక్ష 1954లో ఎదురైంది. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాలపై కార్మిక అప్పిలేటు ట్రిబ్యునలు తీర్పు ఇచ్చింది. బ్యాంకుల మీద భారం అధికమవుతుందని తలచిన ప్రభుత్వం ఆ తీర్పును ఆగస్టు మాసంలో ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. ట్రిబ్యునళ్ళ మార్గం గిరిగారికి మొదటినుండి ఇష్టం లేనిది. అయినా ఆ మార్గాన్ని ఎంచుకొన్నది ప్రభుత్వమే అయినప్పుడు, తీర్పు తనకు నచ్చలేదని దానిని దిద్దడం ఏ న్యాయమన్నదే ప్రశ్న. మంత్రివర్గ నిర్ణయానికి తలవంచి పదవిలో కొనసాగడం సులభమైన పని. నెహ్రూగారి మంత్రివర్గంలో స్థానమంటే అల్పమైనది కాదు. గిరిగారు రాజీనామా చేశారు. పిమ్మట ప్రభుత్వం గజేంద్ర గడ్కర్ కమిషనును నియమించి, ఆ వివాదాన్ని 1955లో పరిష్కరించుకోవలసి వచ్చింది.

ఆ త్యాగానికి ఓటర్లు ప్రతిఫలం ఇవ్వలేదు. 1957లో ద్విసభ్య నియోజకవర్గమైన పార్వతీపురం నుండి పోటీచేయగా, గిరిజన అభ్యర్థి డిప్పల సూరి దొరగారికి అధికంగా ఓట్లు లభించి, రిజర్వు కాని స్థానం కూడా వారికే దక్కింది. గిరిగారు వ్యాజ్యం వేశారు; 1959లో సుప్రీంకోర్టు సూరి దొరగారి ఎన్నిక చెల్లుతుందని తీర్పు చెప్పింది. కార్మికుల పక్షాన నిలిచిన నాయకుడు గిరిజనుని గెలుపును కోర్టులో ప్రశ్నించడం ఆయన చరిత్రలో అంతగా శోభించే ఘట్టం కాదు. అప్పటికే ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నరు. అనంతరం కేరళ, మైసూరు రాష్ట్రాలకూ గవర్నరుగా ఉండి, 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు.

1969 మే 3న జాకిర్ హుస్సేన్‌గారు మరణించగా తాత్కాలిక రాష్ట్రపతి బాధ్యతలు వహించారు. జూలై 19న పదునాలుగు బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సుపై సంతకం చేసి, మరునాడే రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా నిలిచారు. పదిహేనేళ్ళ క్రితం బ్యాంకు ఉద్యోగుల కోసం పదవి వదలిన వ్యక్తి చేతనే ఆ సంతకం జరగడం కాలవైచిత్రి. కాంగ్రెసు అధికార అభ్యర్థి ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారు. దేశ అత్యున్నత పదవికి ఇద్దరు తెలుగువారు తలపడగా, ప్రధాని ఇందిరాగాంధీ మద్దతు గిరిగారికి లభించింది. తొలి ప్రాధాన్య ఓట్లతో ఫలితం తేలలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లు లెక్కించగా గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 ఓట్ల విలువ వచ్చింది. ఎన్నికను సవాలు చేసిన వ్యాజ్యంలో, పదవిలో ఉండగానే స్వయంగా సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పిన తొలి రాష్ట్రపతి ఆయనే.

అయితే రాష్ట్రపతి పీఠం ఎత్తైనదే గాని ఇరుకైనది. మంత్రివర్గ సలహాను మీరి నడిచే వీలు దానికి లేదు. గిరిగారు ప్రధాని మాటకు తలూపే రాష్ట్రపతి అయ్యారన్న విమర్శ ఆనాడే వినవచ్చింది. 1974 మేలో రైల్వే కార్మికులు దేశవ్యాప్తంగా సమ్మె చేశారు. దాని సారథి జార్జి ఫెర్నాండెజ్. ముందు నిలిచినది గిరిగారు ఒకనాడు స్థాపించిన సమాఖ్యే. ప్రభుత్వం వేలాది కార్మికులను నిర్బంధించింది. ఇరవై రోజులకే సమ్మె ముగిసిపోయింది. మంత్రి అయితే రాజీనామా లేఖ వ్రాయవచ్చు. ఆ వృద్ధ కార్మిక నాయకుడు ఆ దినాలలో ఎంత మథనపడ్డారో ఊహించవలసిందే.

ఆ ఏటి ఆగస్టు 24న పదవీకాలం ముగిసింది. 1975లో భారతరత్న బిరుదు లభించింది. 1980 జూన్ 24న చెన్నపురిలో, తొలిసారి మంత్రిపదవి స్వీకరించిన నగరంలోనే, తన ఎనభై అయిదవ ఏట కన్నుమూశారు.